పేరణీనృత్తమును కాకతీయుల యుద్ధములును

ఓరుఁగల్లునుండి యీశాన్యముగాఁ బోయిన బాటసారికి రెండు పురాతన శివస్థానములు తగులును. ఒకటి పాలంపేటలోని రుద్రేశ్వరాలయము. దీనినే జనులు రామప్పగుడి యందురు. రెండవది దానికిఁ గొలఁదిదూరమున నున్న గణపురములోని కోటగుళ్లు. 2016లో జిల్లాలను విభజించినపు డీ రెండును జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోఁ జేరినవి. 2019లో ములుగు వేఱు జిల్లా కాఁగా పాలంపేట దానిలోనికిఁ బోయినది. గణపురము భూపాలపల్లిలోనే నిలిచినది. ఈ గుళ్లను జూపువారును, నాట్యసభలలో నుపన్యసించువారును నొక్కమాటను దఱచుగాఁ జెప్పుచుందురు. పేరణి యుద్ధనృత్తమనియు, కాకతీయవీరులు రణమునకుఁ బోవుటకు ముందు శివునియెదుట దీని నాడి యావేశము పొందుచుండిరనియు, గణపతిదేవుని గజసైన్యాధిపతియైన జాయప సేనాని దానికి లక్షణము వ్రాసెననియు, నా లక్షణమునే రామప్పగుడి శిల్పులు ఱాతిలోఁ జెక్కిరనియు నా మాటల సారము. ఇందు సత్యమెంత, యూహ యెంత యని విచారించుటకే యీ వ్యాసము.

ఇది తేదీలనుగుఱించిన తగవు మాత్రమే కాదు. యుద్ధకాలమునఁ బుట్టిన కళ యుద్ధమునే పలుకవలయునని ముందుగా నిశ్చయించుకొని గ్రంథమును విప్పినచో, అందున్నది కానరాక పోవును, లేనిది కనఁబడును. నృత్తరత్నావళికి నీ రెండు కీడులును గలిగినవి. పాఠశాలలోఁ బిల్లలకుఁ గాకతీయచరిత్ర చెప్పు పండితుఁడు మొదట విన్న కథనే చెప్పుచుండును గాని, గ్రంథములోని సప్తమాధ్యాయమును దెఱచి చూచుట యరుదు. అందుచేతఁ గొంత విస్తరముగా వ్రాయవలసివచ్చినది.

ముందుగా యుద్ధముల సంగతి. కాకతీయరాజ్యము కత్తిమొనమీఁదఁ బుట్టినది. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలోని కురవి, పూర్వము కొరవి యను పేర ముదిగొండ చాళుక్యుల సీమకు ముఖ్యస్థానమై యుండెను. కాకతీయుల తొలినాళ్ల చరిత్రమున నీ యూరి పేరు మాటిమాటికి వినఁబడును. జనగామ ప్రాంతపు గూడూరు శాసనము విరియాలవంశమువారిని గీర్తించునది. విరియాల ఎఱ్ఱన కాకతీయుల బేతరాజు పగవానిని జంపి యాతనిని గొరవిలో నిలిపెననియు, ఎఱ్ఱన భార్యయైన కామసాని చాళుక్యచక్రవర్తిని దర్శించి కాకతివంశపు చిన్నవానిని రాజ్యమున నిలిపెననియు నందుఁ గలదు. ఆ శాసనములోఁ దెలుఁగు పద్యము లున్నందున సాహిత్యచరిత్రకారులకు నది సుపరిచితమే. ఒక స్త్రీ చూపిన నేర్పువలన నిలిచిన వంశములో రెండువందల యేండ్లకుఁ బిమ్మట రుద్రమదేవి రాజ్యమేలుట గమనింపఁదగిన విషయము. కాని యది వేఱొక వ్యాసమునకు సంబంధించినది.

జాయప పుట్టునాఁటికి రాజ్యము పెద్దదైనది, దానితోఁ బగవారును బెరిగిరి. 1163లో ననుమకొండ వేయిస్తంభములగుడి శాసనమును వేయించిన రుద్రదేవుఁడు 1195 ప్రాంతమున దేవగిరి యాదవరాజైన జైతుగితోడి పోరున మడిసెను. యాదవుల మంత్రియైన హేమాద్రి తన వ్రతఖండమునఁ బ్రభువంశమును గీర్తించుచు, జైతుగి త్రిలింగాధిపతిని రణయజ్ఞమున బలిపశువును గావించెనని వర్ణించెను. రుద్రదేవుని తమ్ముఁడు మహాదేవుఁడును యాదవులతోడి యుద్ధముననే గతించెను. మహాదేవుని కుమారుఁడు గణపతిదేవుఁడు శత్రువులకుఁ జిక్కి, చెఱ ననుభవించి, 1199 ప్రాంతమున విడుదల పొంది సింహాసన మెక్కెను. రాజు లేని యా సంక్షోభకాలమున రాజ్యభారమును మోసినవాఁడు రేచర్ల రుద్రసేనాని. పాలంపేట గుడిని గట్టించినవాఁ డితఁడే. అచ్చటి శాసనము శకవర్షము 1135, శ్రీముఖసంవత్సర చైత్రమాసమునాఁటిది, అది క్రీ.శ. 1213 మార్చి 31వ తేదికి సరియగునని గణించిరి. యుద్ధమునఁ దేఱిన రాజ్యమునకు నొక సేనాపతి కట్టించిన గుడి యది. ఇంతవఱకు జనుల మాట నిజమే.

జాయప పుట్టిల్లు తెలంగాణము కాదు. కృష్ణానది సముద్రమునఁ గలియుచోట నున్న దివిసీమ. అయ్యవంశమువా రచ్చట నేలికలు. గణపతిదేవుఁడు తీరదేశముపై దండెత్తి వెలనాటి పృథ్వీశ్వరునిఁ గూల్చిన కాలముననే దివిసీమయు వశమయ్యెను. అయ్యవంశీయుఁడైన పినచోడుని కూఁతుండ్రు నారమాంబను, పేరమాంబను రాజు పెండ్లియాడెను. వారి సోదరుఁడైన జాయపను జేరఁదీసి, గుండామాత్యుని యొద్దఁ గళలు నేర్పించి, గజసాహిణిపదవి నొసఁగెను. అనఁగా నృత్తరత్నావళి నిర్మాత గెలిచినవారి యింటఁ బుట్టినవాఁడు కాఁడు. ఓడినవారి యింటి బిడ్డ. తన తండ్రిపై దండెత్తిన రాజే తనకు బావయై, ప్రభువై, విద్యాదాతయై నిలిచెను. ఇట్టి బ్రదుకు గలవాఁడు యుద్ధమునుగుఱించి యేమి తలఁచెనో గ్రంథమునఁ జెప్పలేదు. చెప్పకుండుటను మనము గమనింపవలయును.

రాజు జాయపకుఁ దామ్రపురి యను చేఁబ్రోలు నిచ్చెను. అక్కడి జాయప శాసనము శకవర్షము 1135నాఁటిదే. కాఁబట్టి 1213 ప్రాంతముననే యిరువురు కాకతీయ సేనాపతులలో నొకఁడు గోదావరి యడవుల యంచునను, నొకఁడు కృష్ణానదికి దక్షిణమునను దేవళములకు శాసనములు వేయించుచుండిరి. తరువాత 1231లో జాయప దివిసీమలో గణపేశ్వరాలయమును రాజుపేరఁ గట్టించి, తన వంశచరిత్రమును శాసనమునకెక్కించెను. 1213 నాఁటికే పురము నేలుచున్నవాఁడు నృత్తరత్నావళి ముగించు నాఁటికి నఱువదేండ్లు దాఁటియుండఁడా? ఇది గుఱ్ఱమెక్కి తిరుగు పడుచుసేనాని వ్రాసిన పుస్తకము కాదు. వృద్ధుఁడు తన యభ్యాసమునంతయు నెమరువేసికొని వ్రాసినది.

ఆ వ్రాసిన కాలమును నిర్ణయించుట కష్టము కాదు. కల్యబ్దము 4355, అనఁగా క్రీ.శ. 1253–54. మోటుపల్లి రేవులోఁ బరదేశ వర్తకులకు గణపతిదేవుఁ డభయశాసన మిచ్చినది 1244–45లో. కాంచీపురమున నేకామ్రనాథుని గుడిలో నాతని శాసనము వెలసినది 1249–50లో. పాండ్యుల చేత ముత్తుకూరు కడఁ గాకతీయసేన యోడినది 1263 ప్రాంతమున. ఈ నడుమ నున్న కొన్నియేండ్ల విరామమున, దక్షిణదిగ్విజయము ముగిసి పరాభవ మింకను రాకమున్నే, నృత్తరత్నావళి పుట్టెను. యుద్ధయుగములోని గ్రంథమే, యుద్ధసమయములోని గ్రంథము మాత్రము కాదు.

ఇఁక శిల్పమునకును గ్రంథమునకును గల సంబంధము. పాలంపేట శాసనము ముందు. గ్రంథము నలువదేండ్ల వెనుక. ఇంకను వ్రాయని పుస్తకమును జూచి శిల్పి యెట్లు చెక్కఁగలఁడు? గుడికట్టడము 1213లోఁ బ్రారంభమై యించుమించు నలువదేండ్లు సాగెనని కొందఱందురు. 2021 జూలైలో రుద్రేశ్వరాలయమును బ్రపంచవారసత్వపు పట్టికలోఁ జేర్చిన యునెస్కో వారును నీ యభిప్రాయమునే చెప్పిరి. దాని నంగీకరించినను గుడియు గ్రంథము నేకకాలమున ముగిసినవగునే కాని, గ్రంథమే ముందగుట పొసఁగదు. అందుచేత "జాయప వ్రాసెను, శిల్పి చెక్కెను" అను వాక్యమును దలక్రిందు చేసి చదువవలసి యున్నది. ముందు ఱాతిబొమ్మ, పిమ్మట లక్షణము. లక్ష్యము ననుసరించి లక్షణము పుట్టుట మనకు వింత కాదు. వైయాకరణుఁడు ప్రయోగమును జూచియే సూత్రము వ్రాయును. దేవళములయందును రాజసభలయందును నాఁ డాడుచున్నదానిని జాయప కన్నులారఁ జూచి వ్రాసెననుటయే యుక్తము.

ఆ గుడిని జూచినవారికిఁ జెప్పఁబని లేదు. అధిష్ఠానము చుట్టును బారులుతీరిన యేనుఁగులు, చూరుక్రింద నల్లఱాతి మదనికలు, గర్భగృహమునకు ముందున్న ద్వారపార్శ్వములయందు నర్తకులును మద్దెలవాద్యకారులును. ఏనుఁగుల బారులో ఱంకెలు లేవు. ఊరేగింపు నడకయే కలదు. అచ్చటనే వేణుగోపాలుని చెక్కడమును వ్రేలితో మీటి స్వరములు వినిపించుటయుఁ జూపరులకు నొక వేడుక. ఆ ధ్వని చెవి కింపైనదే. దానివలనఁ గాకతీయసంగీతమునుగుఱించి తెలియునది మాత్ర మేమియు లేదు.

నృత్తరత్నావళి యెనిమిదధ్యాయముల సంస్కృతగ్రంథము. మొదటి నాలుగు మార్గమునకును, కడపటి నాలుగు దేశికిని సంబంధించినవి. మార్గభాగమున జాయప భరతుని ననుసరించెను. యుద్ధచ్ఛాయలు వెదకువాఁడు నిజముగా వెదకవలసిన చోటు భరతశాస్త్రమే. నిలుకడలను, అనఁగా స్థానములను జెప్పు ఘట్టమున భరతుఁడు మండలస్థానమును ధనుర్వజ్రాది శస్త్రప్రయోగమునకును గజారోహణమునకును వినియోగించెను; ఆలీఢమున వీరరౌద్రములను, ప్రత్యాలీఢమున శస్త్రమోక్షణమును నిలిపెను. రంగమున యోధులు కత్తిని, ఈటెను ద్రిప్పు పద్ధతులకు న్యాయములని పేరిడి నాలుగు విధములుగా విభజించెను. ఇవి యన్నియుఁ గాకతీయులకు వేయేండ్ల ముందటివి. ఏనుఁగుల దండును నడపిన జాయప మండలస్థానమును జదువునపుడు చిఱునవ్వు నవ్వియుండవచ్చును; కాని దానిని సృష్టించినవాఁ డాతఁడు కాఁడు. యుద్ధము నాట్యమున మొదటినుండియుఁ గలదు. ఒక రాజవంశపు రణకోలాహలమునఁ బుట్టి నాట్యములోనికి వచ్చినది కాదు.

జాయప ప్రతిభ వెల్లడియగునది దేశిభాగమున. ఏడవ యధ్యాయమునఁ బేరణి, ప్రేంఖణము, రాసకము, చర్చరి, దండరాసకము, శివప్రియము, కందుకనర్తనము, భాండికము, చారణము, చిందు, గౌండలి, కోలాటము మున్నగు వాని లక్షణములు గలవు. ఈ పట్టికను యుద్ధదృష్టితోఁ జదువుఁడు. కోలలు పట్టి యాడునవి కొన్ని, బంతి పట్టి యాడునది యొకటి, పరిహాసమునకు నొకటి, శివభక్తుల కొకటి. పట్టికలోని నృత్తములలోఁ బెక్కింటికి నెలవు పండుగ, సంత, దేవళము. జనగామ పల్లెలలో నిప్పటికిఁ గోలాటమాడువారు, చిందు భాగవతము నాడువారు, కాకతీయుల గజసాహిణి తమ యాటల పేళ్లను సంస్కృతశాస్త్రమున కెక్కించె నని యెఱుఁగరు.

పేరణి కైదంగములు చెప్పఁబడినవి: నృత్తము, కైవారము, ఘర్ఘరము, వాగడము, గీతము. ఘర్ఘర మనఁగాఁ గాళ్లకుఁ గట్టిన గజ్జెల పలుకు. అడుగు వేయు తీరునుబట్టి గజ్జెలను బలికించుటలో నర్తకుని తాళజ్ఞానము బయల్పడును. వాగడము వికటానుకరణము, నవ్వించునది. ఇదే కాలమున దేవగిరిలో శార్ఙ్గదేవుఁడు వ్రాసిన సంగీతరత్నాకరమును బేరణిని జెప్పినది. అందు నర్తకుఁడు మేనికి భస్మాదులచేఁ దెల్లని పూఁత పూసికొని, తల గొఱిగించుకొని శిఖమాత్ర ముంచుకొని, పిక్కలకు ఘర్ఘరికలు గట్టుకొని, మంచి గొంతుకయుఁ దాళలయముల నేర్పును గలవాఁడై యుండవలయును. కవచము లేదు, ఖడ్గము లేదు, శంఖము లేదు. పూఁత పూసికొని గజ్జెలు కట్టి, పాడుచు, ఎగిరి దూఁకుచు, వికారచేష్టలను జేసి చూపి నవ్వించు నట్టివానిని రణమునకుఁ బయనమైన భటునిగా నెట్లు తలంతుము? "ప్రేరణ" శబ్దమునుండి పేరణి పుట్టెనని చెప్పి, వీరులను బ్రేరేపించునది గనుకఁ బేరణి యైనదని వ్యాఖ్యానించుటయుఁ గలదు. ధ్వనిసామ్యముచేఁ గలిగిన యూహమీఁద నింత పెద్ద మేడ కట్టుట తగదు.

అట్లని యుద్ధమునకుఁ బేరణిలోఁ దావే లేదనుటయు నతివాదము. రెండవ యంగమైన కైవారమును జూడుఁడు. తెలుఁగువారి కీ పదము క్రొత్త కాదు. వందిమాగధులు రాజును బొగడుటను మన కావ్యములు కైవారము సేయుట యనును. శార్ఙ్గదేవుఁడు దీని స్థానమునఁ గవిచారక మను నంగమును బెట్టి, ఉత్తమనాయకవర్ణనము దాని స్వరూపమనెను. కాకతీయసభలో నర్తకుఁడు కైవార మెత్తుకొన్నపుడు గణపతిదేవుని జయములు పలుకక తప్పదు. కళింగమో, కాంచియో, వెలనాడో యందు వినఁబడుచుండును. యుద్ధము పేరణిలోనికి వచ్చిన త్రోవ యిది. అడుగులోను, గజ్జెలోను గాక, పొగడ్తమాటలోఁ జొచ్చినది. ఐదు పాళ్లలో నొకపాలు. రాజు మాఱినచో నా పాలు మాఱును. తక్కిన నాలుగును నిలుచును.

ఇక్కడ నొక సంగతి చెప్పక విడువరాదు. శార్ఙ్గదేవుని పోషించిన సింఘణుఁడు ఆ జైతుగి కుమారుఁడే. త్రిలింగరాజును బలియిచ్చితిమని చెప్పుకొన్న వంశమువారి కొలువులోఁ గరణాధిపతియై లెక్కలు చూచుచుండిన పండితుఁడు పేరణిని వర్ణించుచున్నాఁడు. బలియైన వంశమువారి కొలువులో నేనుఁగులను నడపుచుండిన సేనాని యదే పేరణిని వర్ణించుచున్నాఁడు. దేవగిరికి నోరుఁగల్లునకు నడుమఁ బగ రెండు తరములు సాగినది. నర్తకుఁ డా పొలిమేర నెట్లు దాఁటెనో శాసనములు చెప్పవు. దాఁటెనని మాత్రము రెండు గ్రంథములును జెప్పుచున్నవి. పేరణి కాకతీయుల రహస్యయుద్ధవిద్యయే యైనచోఁ బగవాని లేఖకున కది యంత తీరుబడిగా నెట్లు తెలిసెను?

గౌండలి కథయు నిట్టిదే. పూర్వము కల్యాణకటకమున భూతమాతృమహోత్సవవేళ భిల్లవేషముతో నాడుచున్న యొక స్త్రీని జూచి చాళుక్య సోమేశ్వరుఁడు ముచ్చటపడి, యా నృత్తమునకు లక్షణ మేర్పఱచెననియు, మహారాష్ట్రమున భిల్లులను గొండు లందురు గనుక దానికి గౌండలి యను పేరు గలిగెననియు జాయపయే వ్రాసెను. ఆ సోమేశ్వరుఁడు మానసోల్లాసకర్త. కాకతీయులు మొదట నే చాళుక్యులకు సామంతులో, తరువాత నెవరి యధికారమును ద్రోచిపుచ్చి స్వతంత్రులైరో, యా వంశమువాఁడు. పాతప్రభువంశముమీఁది వైరము గ్రంథకర్త కలమున కడ్డము రాలేదు. అడవిజాతి యాట రాజసభకెక్కినది, రాజసభనుండి శాస్త్రమున కెక్కినది. గణపురమునకు నవ్వలి గోదావరి యడవులలోఁ గోయలును గోండులును నేఁటికి నాడుచుండ, మనమే శాస్త్రమును గత్తులగదిలో వెదకుచున్నాము.

రాజసభకు వెలుపల నే పాట యుండెనో చెప్పుటకు జనగామ జిల్లాలోని పాలకుర్తి యొక సాక్షి నిచ్చినది. పాల్కురికి సోమనాథుని కాలమునుగుఱించి పండితులు రెండు పక్షములై యున్నారు. మొదటి ప్రతాపరుద్రుని కాలపువాఁ డని కొందఱు, రెండవ ప్రతాపరుద్రుని కాలపువాఁ డని కొందఱు. ఏ పక్షమైనను గాకతీయయుగమునకు వెలుపల లేఁడు. అతని పండితారాధ్యచరిత్రములోఁ బర్వతప్రకరణమును జదివినవా రెఱుఁగుదురు: శివరాత్రికి శ్రీశైలమునకుఁ బోవు జనసమూహము, వారు పాడు తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, నివాళిపదములు, వాలేశుపదములు, గొబ్బిపదములు, వెన్నెలపదములు, వీణల పేళ్లు, రాగముల పేళ్లు, తాళముల పేళ్లు, నర్తకుల గతులు. ఇంత వాద్యఘోషలో రణభేరి వినఁబడదు. సోమనాథుఁడు రాజులను గొలువని శివకవి గనుక రాజుల యుద్ధములను బట్టించుకొనలేదని చెప్పవచ్చును. నిజమే. కాని సేనాపతియైన జాయపయు, రాజుమొగము చూడని జంగమభక్తుఁడైన సోమనాథుఁడును సంగీతనృత్తములను జెప్పునపు డొకే లోకమును జూపుచున్నారు. ఆ లోకము శివరాత్రి జాతర.

దేవళములయందు సంగీతమునకు జీవనాధార మెట్లు గల్పింపఁబడెనో 1261 నాఁటి మల్కాపుర శాసనము చూపును. రుద్రమదేవి కాలమున విశ్వేశ్వరశంభువు నెలకొల్పిన ధర్మసంస్థలో నర్తకీజనమునకు, గాయనులకు, మద్దెలవాయించువారికి వేదాధ్యాపకులతోపాటు వృత్తు లేర్పడెను. వైద్యశాలయుఁ బ్రసూతిశాలయు నచ్చటనే యుండెను. ఆ యేఁటిలోనే సరిహద్దులలో సేనలు కదలుచున్నవి. రాజ్యము యుద్ధమునకు వెచ్చించినది, నాట్యమునకును వెచ్చించినది. రెండవది మొదటిదానికి దాసి యని శాసనము చెప్పదు.

యుద్ధకాలమున వెలసిన సంగీతమునుగుఱించి పాశ్చాత్యదేశములనుండి యొక సాదృశ్యము దెచ్చినచో నా యభిప్రాయము సుకరముగాఁ దెలియును. ఫ్రాన్సుదేశపు వాగ్గేయకారుఁడు మోరిస్ రావెల్ 1914కును 1917కును నడుమఁ బియానో యను మీటలవాద్యమునకు నాఱు ఖండముల రచన యొకటి చేసెను. దానికిఁ బేరు "కూపెరాన్ స్మారకము". కూపెరాన్ 1668నుండి 1733 వఱకు జీవించిన ఫ్రెంచి సంగీతజ్ఞుఁడు. రావెల్ తానును యుద్ధమునకుఁ బోయి, 1916లో వెర్దన్ రణరంగమునకు సమీపమున సైనికశకటమును నడపెను. 1917 జనవరిలోఁ దల్లిని గోల్పోయెను. రచనలోని యొక్కొక్క ఖండమును యుద్ధమున మడిసిన తన మిత్రుల కంకిత మొనర్చెను. ఒక ఖండము, ఒకే ఫిరంగిగుండునకు బలియైన యిరువురు సోదరులకు. 1919లో దీనిని మొదట సభలో వాయించిన మార్గరీత్ లాంగ్ భర్తయు నా మృతులలో నొకఁడు. కడపటి ఖండ మాతని పేరనే యున్నది. ఇంత దుఃఖము నడుమఁ బుట్టిన రచనలో నేమున్నది? ఫోర్లాన్, రిగోదోన్, మెనుయే యను పాతకాలపు నాట్యగతులు. ఫిరంగిమ్రోఁత లేదు, సైనికుల నడక లేదు, రోదనము లేదు. పూర్వులాడిన యాటలను మరల శుద్ధముగా నిలువఁబెట్టుటయే యాతఁడు చేసిన పని. అంకితవాక్యములను దొలఁగించి విన్నచో నది యుద్ధకాలపు రచన యని పలువురు గుర్తింపలేరు.

జాయపకును రావెలునకును దేశకాలములలో నెంత దూరమో చెప్పనక్కఱలేదు. ఒకఁడు శాస్త్రకారుఁడు, ఒకఁడు రచయిత. నే నీ పోలికనుండి గ్రహించున దొక్కటియే. యుద్ధమును గన్నవాఁడు యుద్ధమునే వ్రాయవలయునను నియమము లేదు. రావెల్ విషయమున నంకితములు మిగిలినవి గనుక నేపథ్యము మనకుఁ దెలిసినది. జాయప విషయమున గజసాహిణి యను బిరుదము మిగిలినది. దానినిబట్టి గ్రంథములోని ప్రతి యడుగునకును రణవాసన పులుముచున్నాము.

యుద్ధమును బాడిన పాటలు తెలుఁగునాఁట లేకపోలేదు. అవి వెదకవలసినచోట వెదకవలయును. కాకతీయులు పోయిన పిమ్మట వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామమున, ఓరుఁగంటి వీథులలోఁ బల్నాటి వీరుల కథను బాడు స్త్రీ కనఁబడును. ఆ పాట విని జనులు పొందు నుద్వేగమును గవి కన్నులకుఁ గట్టినట్లు చూపెను. ఓరుఁగల్లు వీథిలో వినఁబడిన యుద్ధగాన మది. పాడినది వీథిగాయని, పాడఁబడినవారు పల్నాటివారు. అది శాస్త్రమున కెక్కలేదు, దానికి లక్షణము వ్రాసిన సేనాపతియు లేఁడు. ఓరుఁగల్లుమీఁదికి 1309–10లో వచ్చిన ఢిల్లీసైన్యపు ముట్టడిని వర్ణించిన అమీరు ఖుస్రో సంగీతమున నసాధారణుఁడు. ఆతఁడును ముట్టడిని వచనమునఁ జరిత్రగా వ్రాసెను.

1323లో నోరుఁగల్లు ఢిల్లీసుల్తానుల వశమైనది. దానితోఁ గైవార మందుకొను రాజు లేఁడు. దేవళపు వృత్తులు చెదరినవి. నృత్తరత్నావళి మాత్రము తంజావూరి సరస్వతీమహలు గ్రంథాలయము మున్నగు చోట్ల వ్రాఁతప్రతులలో దాఁగి, 1965లో డాక్టరు వి. రాఘవన్ పరిష్కరణమున మదరాసులో నచ్చుపడెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి తెలుఁగు వివరణము 1969లో వెలువడెను. వీనిని జదివి, రామప్పగుడి శిల్పములను బరిశీలించి, నటరాజ రామకృష్ణగారు పేరణీశివతాండవమను పురుషనృత్తమును రంగమున నిలిపిరి. నేఁడు మనము చూచు వీరావేశము, మద్దెలల యురుము, దీపముల నడుమ నర్తకుల వ్యూహము – ఇవి యిరువదవ శతాబ్దమున నొక మహాకళావేత్త పునర్నిర్మించినవి. దాని గొప్పతనమునకు నా మాటలవలన లోటు రాదు. పాఠము చెప్పునపుడు మాత్రము రెండింటిని వేఱుచేసి చెప్పవలయును: జాయప వ్రాసిన పేరణి యొకటి, దానినుండి మనకాలమునఁ బుట్టిన పేరణి యొకటి. వాగడమును, అనఁగా నవ్వించు నంగమును, మన రంగస్థలము దాదాపుగా విడిచిపెట్టినది. యుద్ధనృత్తమను పేరు స్థిరపడిన పిమ్మట నవ్వునకుఁ దావుండదు గదా.

నృత్తరత్నావళి కడపటి యధ్యాయ మీ సందర్భమునఁ జదువఁదగినది. అందు సభాలక్షణము, సభాపతి యెట్టివాఁడు, ప్రేక్షకులు కూర్చుండు క్రమము, నర్తకి మొదటిసారి సభకు వచ్చునపుడు జరుగవలసిన విధులు, ప్రదర్శనమునకుఁ దగిన వేళ చెప్పఁబడినవి. వ్యూహరచన యెఱిఁగిన సేనాని యిక్కడఁ గనఁబడును. ఎవ రెచ్చట నుండవలయునో, ఎవరి వెనుక నెవరు రావలయునో క్రమముగాఁ దీర్చుచుఁ బోయెను. జాయపలోని యోధుని వెదకువారు పేరణినిగాక నీ యధ్యాయమును జూచినచోఁ గొంత ఫలము గలుగును.

గణపురము కోటగుళ్ల ప్రాకారములో నడుమనున్న గణపేశ్వరాలయమున కొన్ని యాధారశిల్పములు మిగిలియున్నవి. ఏనుఁగుమీఁద నిలిచిన సగము మనుష్యుఁడు, సగము సింహమునైన రూపములు వానిలోఁ గలవు. చుట్టును జిన్నగుళ్లు పెక్కు శిథిలములైనవి. జాయప తాను గీతరత్నావళి యను మఱియొక గ్రంథమును రచించినట్లు చెప్పుకొనెను. అది యిప్పటికిని దొరకలేదు. పేరణి యైదవ యంగమైన గీత మెట్టిదో, కైవారమునకుఁ బిదప నర్తకుఁ డే పాట నెత్తుకొనెనో దానివలనఁ దెలియవలసియున్నది. తంజావూరు, తిరువనంతపురము, మదరాసు భాండాగారములలోని సంగీతగ్రంథముల వ్రాఁతప్రతులను మరల నొకపరి తిరుగవేయుట కిది చాలిన కారణము.